మండువా ఇంటి తలుపులు, కిటికీలు: మరమ్మతు డైరీ

కోనసీమలో మా తాతల నాటి మండువా ఇల్లు. 1920ల్లో కట్టింది. సింహద్వారం ఒకటి, లోపలి తలుపులు 6, కిటికీలు 14. అన్నీ టేకు. ఒక్కో కిటికీ 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. కింద రెండు రెక్కలు, పైన రెండు రెక్కలు, మధ్యలో అడ్డకమ్మి, అయిదు ఇనుప ఊచలు. అద్దం ఎక్కడా లేదు.

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి కిటికీలు పీకి పాత కలప డిపోలకు అమ్మేస్తున్నారు. ఆ డిపోల్లోనే మేం పాత కలప కొని మా కిటికీలకు అతుకులు వేశాం. పాత తలుపు అమ్మే ముందు ఎక్కడ కొలవాలో, ఎంత మారిస్తే సరిపోతుందో, ఏ పద్ధతులు మా దగ్గర నిలవలేదో తెలియాలని ఇది రాస్తున్నాను. ఖర్చులు ఏ దశకు ఆ దశ కింద ఉన్నాయి.

దశ 1: కొలతలు

రెక్కను ముట్టుకోకముందే చట్రాన్ని కొలవాలి. రెక్క పట్టేస్తే వడ్రంగులు సాధారణంగా చిత్రిక తీసుకుని రెక్కనే గీస్తారు. మా సింహద్వారం రెక్కల్ని ఎవరో ఎప్పుడో అలాగే గీశారు. అసలు లోపం గడపలో ఉంది.

మేం చేసిన వరస ఇది:

1. ద్వారబంధం లోపలి ఎత్తు, వెడల్పు. సింహద్వారానికి 2,134 మి.మీ., 1,143 మి.మీ. వచ్చాయి. అంటే 7 అడుగులు, మూడు ముప్పావు అడుగులు.
2. మూల నుంచి మూలకు రెండు కొలతలు. ఒకటి 2,430, ఇంకోటి 2,412. తేడా 18 మి.మీ.
3. తూకం గుండు వేలాడదీసి నిలువులు చూడటం. రెండు నిలువు కర్రలూ తిన్నగానే ఉన్నాయి.
4. నీళ్ళ గొట్టంతో గడప రెండు చివర్ల మట్టం. ఎడమ చివర 10 మి.మీ. కిందికి ఉంది.

నిలువులు తిన్నగా ఉండి మూలల కొలతలు తేడా వచ్చాయంటే, ఒక పక్క మొత్తం కిందికి దిగిందని అర్థం. లెక్కతో కూడా సరిచూసుకోవచ్చు. పెద్ద మూల కొలత వర్గంలోంచి చిన్న మూల కొలత వర్గాన్ని తీసేసి, ఎత్తుకు నాలుగు రెట్లతో భాగించండి. మాకు 10.2 మి.మీ. వచ్చింది. నీళ్ళ గొట్టం చెప్పిందీ అదే. ఈ రెండూ కలవకపోతే మళ్ళీ కొలవాలి తప్ప పని మొదలుపెట్టకూడదు.

తర్వాత పుచ్చు ఎంతవరకు ఉందో చూశాం. సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి కర్రనూ కింది నుంచి పైకి రెండేసి అంగుళాలకు పొడుస్తూ వెళ్ళడమే. మొన దిగిపోతే సుద్దముక్కతో గుర్తు. దిగకుండా ఆగిపోతే అక్కడి నుంచి చేవ ఉన్నట్టు. 14 కిటికీల్లో 11 చోట్ల పాడైంది అడుగు కమ్మి, నిలువు కర్రల కింది జానెడు మాత్రమే. పైనంతా ఉక్కులా ఉంది. పైకి చూస్తే మాత్రం రంగు పెచ్చులు లేచి, నల్లబడి, కిటికీ మొత్తం పోయిందనిపిస్తుంది. మమ్మల్ని కూడా ముందు అందరూ "మార్చేయండి" అన్నారు.

కలపలో తేమ కొలిచే మీటరు ఒకటి కొనండి. ఈ పనిలో దానంత ఉపయోగపడిన పరికరం ఇంకోటి లేదు. ఏప్రిల్‌లో మా పాత టేకు 12 శాతం చూపించింది. ఆగస్టులో అదే చోట 17, 18.

దశ 1 ఖర్చు: తేమ మీటరు 2,400, సీసం పరీక్ష కిట్టు 1,900.
ఇప్పటిదాకా: రూ. 4,300. పూర్తయిన కిటికీలు 0.

దశ 2: పాత రంగు తీయడం

సీసం పరీక్ష ఎందుకంటే, మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్ని సీసం ఉన్నవిగానే చూడాలి. మా కిటికీల మీద ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద గోధుమ రంగు. అడుగు పొరల్లో పరీక్ష పుల్ల ఎర్రబడింది. ఆ రోజే సాండర్ మెషిన్ పక్కన పెట్టేశాం. సీసం ఉన్న రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. ఈ ఒక్క విషయంలో ఖర్చు చూసుకోకండి. పీ100 రకం (సన్నటి దుమ్మును కూడా ఆపే) ఫిల్టర్లున్న రబ్బరు మాస్కులు, నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, పని బట్టలు వేరే బకెట్లో ఉతకడం. పని చేసే కుర్రాళ్ళు ఉక్కపోతకు మాస్క్ తీసేస్తుంటారు. గంటకోసారి నీడలో విరామం ఇచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది.

మూడు పద్ధతులు పక్కపక్కన చూశాం.

కాస్టిక్ సోడా: త్వరగా ఊడింది. కానీ టేకు నల్లబడి, పైన నూగులా లేచింది. కడిగి ఆరబెట్టి కొత్త రంగు వేస్తే, కొన్నాళ్ళకు ఆ రంగు పొక్కులొచ్చి ఊడిపోయింది. కర్రలోకి ఇంకిన క్షారం ఎంత కడిగినా పూర్తిగా పోలేదు. ఒక్క రెక్కతో ఆపేశాం.

హీట్ గన్: 350 డిగ్రీల దగ్గర పెట్టి గరిటెలాంటి స్క్రేపరుతో తీస్తే రంగు పట్టీల్లా వచ్చింది. 600 డిగ్రీల దగ్గరికి వెళ్తే సీసం ఆవిరి రూపంలో లేస్తుంది. కాబట్టి వేడి ఎంతో అంకెల్లో చూపించే గన్నే కొనండి. ఊచల దగ్గర జాగ్రత్త. ఇనుము వేడెక్కి దాన్ని పట్టుకున్న కర్ర మాడుతుంది.

గాజు పెంకు: చివరి సన్న పొరకు మా మేస్త్రి వాడింది ఇదే. పగిలిన అద్దం ముక్క అంచుతో, తడి గుడ్డతో తడుపుతూ లాగుతారు. టేకు మీద ఒక్క గీత పడలేదు. పూలు, లతలు చెక్కిన చోట మాత్రం ఏ పద్ధతీ పూర్తిగా పని చేయలేదు. సింహద్వారం పైకమ్మి మీది చెక్కడంలో అడుగు రంగు కొంత అలాగే వదిలేశాం. దాన్ని తీయబోతే చెక్కడం అంచులు అరిగిపోతాయి.

రంగు తీశాక కనిపించిన విషయం: మూలల అతుకుల్లో ఎక్కడా మేకులు లేవు. ప్రతి మూలా కుసి (సన్నగా చెక్కిన కర్ర కొన), అది దిగే బెజ్జం, మధ్యలో చెక్క చీల. ఒక రెక్కలో చీలను సుత్తితో కొట్టి తీయబోతే అడ్డపట్టీ చీలింది. కారణం మేస్త్రి చూపించారు. చీల కోసం కుసిలో వేసిన బెజ్జం, పట్టీలో వేసిన బెజ్జం ఒకే వరసలో లేవు. ఒకటిన్నర మి.మీ. తేడాతో కావాలనే వేశారు. చీల దిగేకొద్దీ కుసిని లోపలికి లాగి బిగిస్తుంది. అంటే ఆ చీల వంకర తిరిగి ఉంటుంది, వెనక్కి రాదు. అప్పటి నుంచి చీలను సన్న బర్మాతో (రంధ్రం వేసే పనిముట్టు) తొలిచి తీస్తున్నాం. చీలిన పట్టీని అతికించి అదే చోట వాడాం.

దశ 2 ఖర్చు: హీట్ గన్ 3,200, మాస్కులు, ఫిల్టర్లు 4,600, పట్టాలు 1,500, స్క్రేపర్లు 900, కూలి 27,000.
ఇప్పటిదాకా: రూ. 41,500. పూర్తయిన కిటికీలు 0.

దశ 3: కిటికీల అడుగు జానెడు

ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

అడుగు కమ్మి ఎందుకు పోతుంది? ఊచ వెంట వాన నీరు జారి, ఊచ దిగిన బెజ్జంలోకి వెళ్ళి నిలుస్తుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కర్రను లోపలి నుంచి చీలుస్తుంది. ఆ చీలికలోకి ఇంకా నీరు. దానికి తోడు తర్వాతి రోజుల్లో కిటికీ చుట్టూ సిమెంటు పూశారు. ఇటుక గోడ, సున్నం పూత ఉన్నప్పుడు తడి బయటికి ఆరిపోయేది. సిమెంటు పూశాక ఆ తడి అంతా కర్రలోకే చేరింది.

మొదట చవకగా అయ్యే దారి చూశాం. పుచ్చు గీకేసి, కార్లకు వాడే లప్పం నింపి, సాఫు చేయడం. చూడటానికి కొత్త కిటికీలా ఉంది. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేసరికి లప్పం అంచు వెంట వెంట్రుక మందం చీలిక వచ్చింది, దాని వెనక నీరు చేరింది. పైకి లప్పం గట్టిగానే ఉంది, వెనక కర్ర మెత్తబడుతోంది. కర్ర కాలాన్ని బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. లప్పం కదలదు. బయట వానకు తడిసే చోట లప్పం పెట్టకండి. ఇంటి లోపలి వైపు చిన్న మేకు రంధ్రాలకైతే ఫరవాలేదు.

రెండోది, కర్రకు కర్రే అతుకు. దుకాణంలో కొత్త టేకు కొని అడుగు కమ్మి వేశాం. వేసవి నడిమికి వచ్చేసరికి అతుకు దగ్గర ఒకటిన్నర మి.మీ. సందు. కొత్త కర్ర తేమ చూస్తే కొన్నప్పుడు 20 శాతం, ఇప్పుడు 12. టేకు తేమ ఒక శాతం తగ్గితే అడ్డంగా వెడల్పులో సుమారు 0.2 శాతం కుంచించుకుపోతుంది. ఎనిమిది శాతానికి, 4 అంగుళాల కమ్మి మీద, దాదాపు ఒకటిన్నర మి.మీ. లెక్క అక్కడికక్కడే తేలింది.

అప్పుడు పాత ఇళ్ళ కలప అమ్మే డిపోకి వెళ్ళాం. ఘనపుటడుగు 3,800 చొప్పున 5 ఘనపుటడుగులు. నాలుగైదు దూలాల కొనలు చూసి, చెట్టు ఏటేటా పెరిగిన వలయాలు దగ్గరగా ఉన్నవి ఏరుకున్నాం. మా కిటికీ కర్రలో అంగుళానికి 11, 12 వలయాలు ఉన్నాయి. దుకాణం టేకులో మూడు, నాలుగు. తోటల్లో తొందరగా పెంచిన చెట్టు అది, చేవ తక్కువ, అంచున తెల్లచెక్క ఎక్కువ. చెదలు, పురుగు ముందు పట్టేది ఆ తెల్లచెక్కనే. ఇంట్లో పెద్దవాళ్ళు మా కలపను రంగూన్ నుంచి ఓడలో కాకినాడ రేవుకు వచ్చిన బర్మా టేకు అంటారు. మన్యం నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన కలప కూడా ఆ రోజుల్లో రాజమండ్రి డిపోలకు బాగా వచ్చేది. ఏదైనా, ఆ వలయాలున్న కర్ర ఇప్పుడు దుకాణంలో దొరకదు. పాత కిటికీని పారేయకూడదు అనడానికి నా దగ్గరున్న గట్టి కారణం ఇదే.

ఇప్పుడు మేం పాటిస్తున్న వరస:

1. పుచ్చు ఎక్కడ ఆగిందో దానికి పైన ఇంకో రెండు అంగుళాలు వదిలి కోత.
2. కోత అడ్డంగా కాదు, ఏటవాలుగా. కర్ర మందం 3 అంగుళాలైతే ఏటవాలు పొడవు కనీసం 12 అంగుళాలు. వాలు బయటికి, కిందికి ఉండాలి. అప్పుడు అతుకు మీద పడ్డ నీరు లోపలికి పోదు.
3. పాత కర్రకు, అతికే కర్రకు తేమ తేడా రెండు శాతం లోపు.
4. అతికే ముఖాలను అసిటోన్ గుడ్డతో తుడిచి, వెంటనే నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ. టేకులో సహజంగా నూనె ఉంటుంది. తుడవకపోతే జిగురు పట్టదు.
5. అతుకుకు అడ్డంగా రెండు టేకు చీలలు. ఇనుప స్క్రూలు వద్దు, చుట్టూ నల్ల మరక వస్తుంది. తప్పదనుకుంటే ఇత్తడివి.
6. అడుగు కమ్మి పైముఖం బయటికి వాలు. కింది ముఖం మీద, అంచుకు అరంగుళం లోపల సన్నటి గాడి. నీటి బొట్టు ఆ గాడి దగ్గర ఆగి కింద పడుతుంది, గోడ మీదికి పాకదు.
7. ఊచ కొనను తీగ బ్రష్షుతో రుద్ది, జింక్ ప్రైమర్ రెండు పూతలు, ఆరాకే కర్రలోకి.
8. చట్రం చుట్టూ రెండు అంగుళాల మేర సిమెంటు చెక్కేసి గుల్ల సున్నం, ఇసుక ఒకటికి రెండున్నర పాళ్ళలో. వారం పైగా తడి గోనె కప్పి ఉంచాలి.

చిన్న చిన్న పుచ్చులకు లప్పం బదులు చెక్క మాసికలు వేస్తున్నాం. వలయాల దిశ కలిసేలా ముక్కను తిప్పుకుని పెట్టాలి. అది కలిస్తే మాసిక కనిపించదు, కర్రతో పాటే కదులుతుంది.

రెక్కల పలకల గురించి ఒక మాట. పాత రెక్కల్లో పలకలు గాడిలో వదులుగా ఆడుతుంటాయి. టకటక చప్పుడు వస్తోందని తర్వాతి కాలంలో ఎవరో మేకులు కొట్టారు. మేకు కొట్టిన ప్రతి పలకా నిలువునా చీలింది. 300 మి.మీ. వెడల్పు పలక ఏప్రిల్‌కీ ఆగస్టుకీ మధ్య మా దగ్గర 2 మి.మీ. పైగా మారింది. అది గాడిలో కదలాలి. రెండు పక్కలా రెండేసి మి.మీ. ఖాళీ ఉంచండి, జిగురు పెట్టకండి.

శ్రావణంలో రెక్క పట్టేసిందని చిత్రిక పట్టించకండి కూడా. ఒక రెక్క మీద పెన్సిలుతో తేదీ, సందు కొలత రాసిపెట్టాం. వానల్లో సున్నా, ఏప్రిల్‌లో మూడున్నర మి.మీ. వానల్లో గీసి ఉంటే వేసవిలో అందులోంచి వేలు దూరేది.

దశ 3 ఖర్చు: పాత టేకు 19,000, పనికిరాకుండా పోయిన కొత్త టేకు 3,500, ఎపాక్సీ, అసిటోన్ 6,800, కూలి 64,000.
ఇప్పటిదాకా: రూ. 1,34,800. కర్ర పని అయిన కిటికీలు 11. వాటిలో ఉన్న కలప సుమారు 26 ఘనపుటడుగులు, మార్చింది 3 లోపు.

దశ 4: సింహద్వారం గడప

ఎడమ నిలువు కర్ర కింద గడప 14 అంగుళాల మేర మెత్తబడి నలిగింది. పైకి పసుపు, కుంకుమ, దాని కింద ఎనామిల్ రంగు ఉండటంతో ఎవరికీ తెలియలేదు. వారం వారం గడప కడిగినందుకు అది పోలేదు. అప్పట్లో కడిగిన నీరు అరుగు మీదికి జారి ఆరిపోయేది. తర్వాత వసారాకి సిమెంటు నేల వేసి గడప సగం ఎత్తు దాకా లేపారు. నీరు అక్కడే నిలవడం మొదలైంది.

గడప కదిలించడం అంటే ఇంట్లో మాటలు ఉంటాయి. మా పెద్దమ్మ, "ఆషాఢంలో గడప ముట్టుకోవద్దు నాన్నా, పూజ చేయకుండా అసలు వద్దు" అంది. ఆషాఢంలో కర్ర తడిగా ఉంటుంది, మాకూ అది కుదరదు. మాఘంలో మంచి రోజు చూసి, పూజ చేయించి మొదలుపెట్టాం. కొత్త గడప వేసేద్దామని నేనంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "మిగతా మూడొంతులు రాయిలా ఉందండి బాబూ, దాన్ని తీస్తే ద్వారబంధం మొత్తం విప్పాలండి" అన్నారు. ఆయన మాటే నిలబడింది.

1. ముందు ద్వారబంధం పైన గోడ పెచ్చు తీసి చూశాం. గోడ బరువు వెనక వేసిన టేకు దిమ్మెల మీద ఉంది, ద్వారబంధం మీద లేదు. ఇది తేల్చుకోకుండా జాకీ పెట్టకూడదు.
2. రెండు రెక్కలూ దింపాం. ఒక్కోటి 45 కిలోల దాకా ఉంటుంది, నలుగురు కావాలి. వీటికి మడతబందులు లేవు. నిలువు పట్టీ పైనా కిందా ఉన్న గుండ్రటి కొనలు గుంటల్లో తిరుగుతాయి. పై కొన గుంటలోంచి తప్పుకునేదాకా రెక్కను తిన్నగా లేపాలి.
3. చట్రం పక్కన సిమెంటు చెక్కి, ఎడమ నిలువును వదులు చేశాం.
4. కారు జాకీ, దాని మీద దిమ్మె. ఒక్కోసారి 2 మి.మీ. చొప్పున లేపి, మూలల కొలత తీసి, పూటంతా ఆగి మళ్ళీ.
5. 8 మి.మీ. దగ్గర పైకమ్మి మూలలో చిన్న టక్ మని శబ్దం వచ్చింది. ఆపి చూస్తే పాత సిమెంటు ముక్క ఒకటి కుసి పక్కన ఇరుక్కుని ఉంది. అది తీశాక 10 దాకా నెమ్మదిగా లేచింది. మూలల తేడా 1 మి.మీ.కి వచ్చింది.
6. మెత్తబడిన గడప కొన కోసి, రెండడుగుల పాత టేకు ముక్క అతుకు. అతుకు నిలువు కర్ర కిందికి రాకుండా, దానికి ఇవతలే పడేలా.
7. గడప ముందు వసారా సిమెంటు ఆరు అంగుళాల వెడల్పున తీసి, వాలుగా చిన్న కాలువ.

రెక్కలు తిరిగి ఎక్కిస్తే ఎడమ రెక్క కింద, మధ్య వైపు 5 మి.మీ. సందు. పాత రోజుల్లో ఎవరో చిత్రికతో గీసినది ఇదే. ఎడమ నిలువుతో పాటు రెక్క 10 మి.మీ. దిగింది, గడప మధ్యలో 5 మాత్రమే దిగింది, ఆ తేడా మేర గీశారు. రెక్క అడుగున సున్నా నుంచి 5 మి.మీ. దాకా వెళ్ళే సన్నటి టేకు పట్టీ అతికించాం. ఇప్పుడు గొళ్ళెం ఒక వేలితో పడుతోంది.

దశ 4 ఖర్చు: కూలి 18,000, జాకీ, దిమ్మెల అద్దె 2,500, సున్నం, ఇసుక 3,200. కర్ర ముందు కొన్నదే.
ఇప్పటిదాకా: రూ. 1,58,500. కిటికీలు 11, సింహద్వారం 1.

దశ 5: పూత

పడమటి కిటికీల మీద మెరిసే వార్నిష్ వేసి చూశాం. ఒక్క వేసవికే పొరలు పొరలుగా లేచింది. ఎండ వార్నిష్ దాటి కర్ర పైపొరను తినేస్తుంది, దాంతో పూతకు పట్టు పోతుంది.

పచ్చి అవిసె నూనె పట్టించిన రెక్కల మీద వానాకాలంలో నల్లటి బూజు చుక్కలు వచ్చాయి. మా దగ్గర తేమకు ఆ నూనె త్వరగా ఆరదు. సోడా నీళ్ళతో తుడిచి, ఎండబెట్టి, ఇలా మార్చాం: ఇంటి లోపలి వైపు ఉడికించిన అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్ళలో, చాలా పల్చగా, ప్రతి పూత తర్వాత మిగిలిందంతా గుడ్డతో తుడిచేయడం. వాన కొట్టే బయటి వైపు నూనె ఆధారిత రంగు, సీసం లేనిది, రెండు పల్చని పూతలు. రెండు వర్షాకాలాలు నిలిచింది.

నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేయకండి. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళ బకెట్లో ముంచండి, లేదా ఒక్కొక్కటిగా తీగ మీద ఆరేయండి.

దశ 5 ఖర్చు: నూనె, రంగు, బ్రష్షులు, ఇత్తడి గడియలు, కూలి కలిపి 21,000.
ఇప్పటిదాకా: రూ. 1,79,500.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలకు మాకు ఇచ్చిన ధర చదరపు అడుగు 650. మా 14 కిటికీలు 168 చదరపు అడుగులు, అంటే 1,09,200. మరమ్మతు అంతకంటే ఎక్కువే అయింది, అది దాచాల్సిన పని లేదు. దశ 2 నుంచి దశ 4 దాకా కూలే 1,09,000. ఆ డబ్బు ఊళ్ళోని మేస్త్రికి, ఇద్దరు కుర్రాళ్ళకు వెళ్ళింది. ఆ ఇద్దరికీ ఇప్పుడు ఏటవాలు అతుకు సొంతంగా వేయడం వచ్చు.

మిగిలింది

వెనక వైపు 3 కిటికీలు, లోపలి తలుపులు 6. లోపలి తలుపులకు వాన తగలదు, బందులు బిగించి నూనె పట్టిస్తే చాలు. ఆ మూడు కిటికీల్లో మాత్రం నిలువు కర్రలు రెండడుగుల దాకా పోయాయి. ఒకదానికి కొత్త చట్రమే చేయాలి, రెక్కలు పాతవే. దానికి 2 ఘనపుటడుగుల పాత టేకు తెచ్చి, వెనక గదిలో నేలకు తగలకుండా కర్రల మీద పేర్చాం. ఇప్పుడు మీటరు 16 చూపిస్తోంది. 13కి దిగాక కోత.